ఎనిమిది గంటల హాల్టు

ఓడ ఉదయం ఎనిమిదికి ఆగుతుంది. సాయంత్రం ఐదుకు కదిలిపోతుంది. ఆ మధ్యలో ఓ దేశాన్ని చూసేయాలి. ఎలా?

'తొమ్మిది గంటలు ఎక్కడివిరా... ఉన్నవి ఏడే!'

టేబుల్‌మీద పరిచిన కాగితంవైపు చూస్తూ అన్నారు పెద్దాయన. కొడుకు అర్థంకానట్టు మొహం పెట్టాడు.

'ఓడ ఎనిమిదికి ఆగినా, అక్కడి అధికారులు సరేనన్నాకగానీ జనాన్ని దించరు. వేలమంది బారులు తీరి దిగేసరికి ఎనిమిదిన్నర. ఐదింటికి కదులుతుందంటే నాలుగున్నరకల్లా లోపలుండాలి. అంటే ఎనిమిది గంటలు. అందులో ఓ గంట రికవరీ టైమ్ కింద తీసెయ్.'

రికవరీ టైమ్ అన్నమాట రైల్వేవాళ్లది. దారిలో ఎక్కడైనా ఆలస్యమైతే సర్దుకోవడానికి టైమ్‌టేబుల్లో ముందే కలిపి ఉంచే నిమిషాలవి. ముప్పైరెండేళ్లు గార్డుగా పనిచేసి, బిట్రగుంటలో రిటైరై, నెల్లూరులో ఇల్లు కట్టుకున్న మనిషి ఆయన. ఎక్కడున్నా లెక్క అలాగే వేస్తారు.

అది 2025 జనవరి. న్యూజెర్సీలో ఉద్యోగం చేస్తున్న కొడుకు అమ్మానాన్నల్ని ఓడ ఎక్కించాడు. ప్యూర్టోరికోలోని శాన్‌వాన్ రేవులో ఎక్కితే ఏడు రాత్రుల ప్రయాణం. రాత్రంతా ఓడ నడుస్తుంది. తెల్లారేసరికి ఓ కొత్త దీవి. సాయంత్రానికి టాటా! రేపటి దీవి బార్బడోస్.

కొడుకు రాసిన జాబితాలో అయిదున్నాయి. దీవి నడిమధ్యనున్న హారిసన్స్ కేవ్ గుహలు, తూర్పు తీరంలో బాత్‌షీబా దగ్గరి రాళ్లగుట్టలు, రమ్ము ఫ్యాక్టరీ, తాబేళ్ల మధ్య ఈత, ఆఖర్న బ్రాడ్ స్ట్రీట్‌లో షాపింగు. చూడ్డానికి చిన్న దీవే. పొడవు 34 కిలోమీటర్లు, వెడల్పు 23. ఇంచుమించు నెల్లూరునుంచి బిట్రగుంట పోయినంత దూరం! కానీ రోడ్లు ఇరుకు. మలుపులెక్కువ.

'మొన్న చూశాంగా!' అంది కోడలు నెమ్మదిగా.

మొన్నటి సంగతి ఎవరూ మర్చిపోలేదు. అంతకుముందు ఆగిన దీవిలో ఇలాగే వ్యాను మాట్లాడుకుని ఆరు చోట్లకు పరుగెత్తారు. దిగడం, ఫొటో తీసుకోవడం, ఎక్కడం. చివరికి ట్రాఫిక్‌లో ఇరుక్కుని, గేటు మూసే పదినిమిషాల ముందు రొప్పుతూ ఓడ చేరారు. ఆ రాత్రి ఫొటోలు చూస్తుంటే ఏది ఎక్కడిదో ఒక్కరికీ గుర్తులేదు. మోకాలి నొప్పితో ఆవిడ అన్నం కూడా తినకుండా పడుకుంది.

'పెద్ద జంక్షనయినా సరే, బండి పావుగంటే ఆగుతుందంటే ఊరు చూడాలనుకోకూడదు. ప్లాట్‌ఫాంమీద దిగి నింపాదిగా ఓ టీ తాగాలి. ఆ టీ గుర్తుండిపోతే చాలు' అన్నారాయన.

'అయితే మీ టీ ఏంటి నాన్నా?'

ఆయన మాట్లాడలేదు. బదులు ఆవిడ చెప్పింది.

'ఆయన అడగర్రా. నేనడుగుతున్నా. అక్కడేదో క్రికెట్ గ్రౌండు ఉందిటగా... మీ పెదనాన్న కలవరించేవాడు. అది చూస్తే చాలు మాకు.'

పేపరు కటింగుల పుస్తకం

పెద్దాయనకు ఒక్కడే అన్న. తపాలాశాఖలో పనిచేశాడు. క్రికెట్టంటే ప్రాణం. పేపర్లో వచ్చిన స్కోర్లన్నీ కత్తిరించి లావుపాటి నోటుపుస్తకంలో అతికించేవాడు. 1971లో గావస్కర్ వెస్టిండీస్‌లో 774 పరుగులు చేసిన సిరీస్ మొత్తం అందులో ఉంది. అయితే ఆయన నోట్లో ఎప్పుడూ నలిగే పేరు ఒకటే... బ్రిడ్జ్‌టౌన్‌లోని కెన్సింగ్టన్ ఓవల్!

కారణం 1997 మార్చి. అక్కడి టెస్టులో భారత్ గెలవాలంటే 120 పరుగులు చాలు. 81కే అందరూ అవుటైపోయారు. మన హైదరాబాదీ లక్ష్మణ్ చేసిన 19 పరుగులే అత్యధికం. ఆ రాత్రి అన్న టీవీ కట్టేసి, భోజనం మానేసి, వాకిట్లో కూర్చున్నాడు. 'ఆ గ్రౌండు మనకు అచ్చిరాదురా' అన్నది అప్పట్నుంచీ ఆయన మాట.

2024 జూన్ 29 రాత్రి అన్నదమ్ములిద్దరూ పక్కపక్కనే కూర్చుని టీ20 ప్రపంచకప్ ఫైనల్ చూశారు. అదే గ్రౌండు. దక్షిణాఫ్రికాకు 30 బంతుల్లో 30 పరుగులు కావాలన్నప్పుడు అన్న లేచి లోపలికెళ్లిపోయాడు. తమ్ముడు పిలిచి పిలిచి మళ్లీ కూర్చోబెట్టాడు. చివరి ఓవర్ మొదటి బంతికి మిల్లర్ కొట్టిన షాట్‌ను సూర్యకుమార్ బౌండరీ దగ్గర పట్టినప్పుడు డెబ్భై దాటిన ఆ ఇద్దరూ చేసిన గోలకు ఇరుగుపొరుగు లేచి వచ్చారు. ఏడు పరుగుల తేడాతో భారత్ గెలిచింది. 'బతికుండగా ఆ గ్రౌండు ఓసారి చూడాల్రా' అన్నాడు అన్న.

అక్టోబరులో ఆయన పోయాడు.

కొడుకు జాబితా కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు. తెల్లారి అతనూ, భార్యా, తొమ్మిదేళ్ల పిల్లాడూ తాబేళ్ల దగ్గరికి. పెద్దవాళ్లిద్దరూ గ్రౌండుకి. 'దారి తప్పితేనో?' అని ఒకటే బెంగ కొడుక్కి. 'వెయ్యిమందిని గమ్యం చేర్చినవాణ్ణి. మీ అమ్మనొక్కదాన్ని చేర్చలేనా?' అన్నారు పెద్దాయన.

రెండు రకాల డాలర్లు

పొద్దున్నే ఓ చిన్న గొడవ. పిల్లాడు మిలిటరీ మచ్చల నిక్కరు వేసుకుని తయారయ్యాడు. బార్బడోస్‌లో ఆ డిజైను మామూలు జనం వేసుకోకూడదు. పిల్లలకూ అదే నియమం. సైన్యానికి తప్ప ఎవరికీ అనుమతిలేదు. విసుక్కుంటూ మార్చుకొచ్చాడు.

పెద్దాయన తన ఏర్పాట్లు తాను చేసుకున్నారు. ఓడలోని గడియారం చూసి చేతిగడియారం సరిచేసుకున్నారు. కొన్ని దీవుల్లో ఓడ టైము, ఊరి టైము వేరుగా ఉంటాయి. ఎక్కేవాడికి ఓడ టైమే టైము! పాస్‌పోర్టు జిరాక్సు, ఓడవాళ్లిచ్చిన కార్డు, మందులు, రేవు ఏజెంటు ఫోన్‌నంబరున్న కాగితం... అన్నీ ఒకే సంచీలో. ఓడవాళ్లు ఏర్పాటుచేసిన టూరుకి వెళ్లినవాళ్లు ఆలస్యమైతే ఓడ ఆగుతుంది. సొంతంగా వెళ్లినవాళ్లకోసం ఆగదు. తర్వాతి దీవికి సొంత ఖర్చుతో చేరుకోవాల్సిందే.

రేవునుంచి గ్రౌండు నడిచివెళ్లేంత దూరమే. కానీ ఎండ. ఆవిడ మోకాలు. రేవులో టాక్సీలకు మీటర్లుండవు. ఎక్కేముందే రేటు అడగాలి. ఆ రేటు ఏ డాలర్లలో అన్నదీ అడగాలి. రెండు బార్బడోస్ డాలర్లు కలిస్తే ఒక అమెరికన్ డాలరు. తెలియకపోతే రెట్టింపు ఇచ్చేస్తారు! గ్రౌండు బయట గ్యారీ సోబర్స్ విగ్రహం దగ్గర దిగారిద్దరూ.

గేటు మూసి ఉంది. ఆరోజు మ్యాచ్‌లేవీ లేవు. ఊచల సందుల్లోంచి గీతలా ఆకుపచ్చరంగు కనిపిస్తోందంతే. పెద్దాయన కాసేపు అలాగే చూసి 'పద పోదాం. చూశాంగా' అన్నారు.

ఆవిడ కదల్లేదు. లోపల కూర్చున్న కాపలా మనిషిని చెయ్యెత్తి పిలిచింది. ఆవిడకు ఇంగ్లీషు అంతంతమాత్రం. భర్తను చూపించి 'బ్రదర్' అంది. చెయ్యి పైకి చూపించి 'నో మోర్' అంది. తర్వాత గ్రౌండు చూపించింది. పెద్దాయన తలొంచుకున్నారు. కాపలా మనిషి ఇద్దరినీ మార్చిమార్చి చూసి గేటు కొంచెం తెరిచాడు.

'అయిదు నిమిషాలు. ఇక్కణ్నుంచే.'

ఎదురుగా ఖాళీ మైదానం. నీళ్లు చిమ్మే యంత్రం ఒకటి తిరుగుతోంది. 1997 నాటి స్టాండ్లు ఇప్పుడక్కడ లేవు. 2007 ప్రపంచకప్ ఫైనల్‌కోసం మొత్తం పడగొట్టి కొత్తగా కట్టారు. ఆ క్యాచ్ ఏ వైపు పట్టాడో ఆయనకు తెలియలేదు. అడగాలనీ అనిపించలేదు. అన్న ఇక్కడికొచ్చుంటే ఏమనేవాడో ఆలోచిస్తూ నిలబడ్డారు. అయిదు నిమిషాలు అయ్యాయో పదయ్యాయో, జీవితంలో మొదటిసారి ఆయన గడియారం చూసుకోలేదు.

అయిదు డాలర్ల నోటు

టైము పదిన్నరే. బ్రిడ్జ్‌టౌన్ పాతపట్టణమూ, దాని పక్కనున్న గారిసన్ ప్రాంతమూ కలిపి 2011లో యునెస్కో వారసత్వ జాబితాకెక్కాయి. పార్లమెంటు భవనాలున్నాయి. 1751లో కుర్రాడిగా వచ్చిన జార్జి వాషింగ్టన్ బసచేసిన ఇల్లుంది. మొన్నటి మనుషులైతే అన్నీ చుట్టేసేవారే. ఆవిడ మోకాలు అప్పటికే మొరాయిస్తోంది. పడవలు ఆగే కాలువ ఒడ్డున, వంతెన పక్కన నీడలో కూర్చుండిపోయారు.

అక్కడ తిన్నది వేడివేడి చేప వడలు. పక్కన పసుప్పచ్చటి మిరప సాసు. 'కారం అనుకున్నాగానీ... బాగానే ఉంది' అని నెల్లూరావిడ ఒప్పుకుంది. ఎగిరే చేప, మొక్కజొన్న సంకటి కలిపి తినడం ఇక్కడివాళ్ల జాతీయ భోజనమట. సంకటీ చేపలపులుసూ తెలిసినవాళ్లకు ఇక విడమరచి చెప్పేదేముంది! పక్క బల్లమీదున్న ముసలాయనతో అరగంట మాటలు నడిచాయి. ఇండియా అనగానే ఆయన మొదలుపెట్టింది కూడా క్రికెట్టే. తుపానువల్ల టీమిండియా కప్పు గెలిచాక కూడా కొన్నాళ్లు అక్కడే చిక్కుకుపోయిన సంగతి నవ్వుతూ గుర్తుచేశాడు.

డబ్బులిస్తే చిల్లరగా ఓ అయిదు డాలర్ల నోటొచ్చింది. దానిమీద ఓ మనిషి బొమ్మ. ముసలాయన వేలుపెట్టి చూపించాడు. ఫ్రాంక్ వారెల్!

పెద్దాయనకు ఒళ్లు జలదరించింది. అన్న పదేపదే చెప్పిన కథ ఆ మనిషిదే. 1962 పర్యటనలో ఈ ఊళ్లోనే బార్బడోస్ జట్టుతో మ్యాచ్ ఆడుతూ మన కెప్టెన్ నారీ కాంట్రాక్టర్, గ్రిఫిత్ బంతి తలకు తగిలి కూలిపోయాడు. చావుబతుకుల మధ్య ఉన్న అతనికి రక్తమిచ్చినవాళ్లలో ప్రత్యర్థి కెప్టెన్ వారెల్ ఒకడు. కాంట్రాక్టర్ బతికాడు. ఆ రుణం తలచుకుంటూ ఫిబ్రవరి 3న బెంగాల్ క్రికెట్ సంఘం ఇప్పటికీ వారెల్ పేరిట రక్తదాన శిబిరం పెడుతుంది.

ఆ నోటును మడతపెట్టకుండా జిరాక్సు కాగితాల మధ్య దాచుకున్నారు. ఆ దీవిలో వాళ్లు వెనకేసుకున్నది అదొక్కటే.

మూడూ నలభైకల్లా ఓడెక్కేశారు. కొడుకూ కోడలూ అప్పటికే వచ్చేశారు. పిల్లాడు తాబేలు తన కాలికి తగిలిందని పదోసారి చెబుతున్నాడు. ఎవరి టీ వాళ్లు తాగొచ్చారన్నమాట!

అయిదవుతుండగా అందరూ పై అంతస్తు చేరారు. రేవులో ఓ జంట చేతుల్లో సంచులతో పరుగెత్తుకొస్తోంది. పైనున్నవాళ్లు ఈలలేస్తున్నారు. పెద్దాయన మాత్రం ఊపిరి బిగబట్టి చూశారు. వాళ్లు లోపలికొచ్చాకగానీ రెయిలింగ్ వదల్లేదు.

ఫిబ్రవరిలో నెల్లూరు చేరాక ఆయన మొదట వెళ్లింది వదినగారింటికి. అటకమీది నోటుపుస్తకం దింపించి, 1962 కటింగులున్న పేజీ వెతికి, ఆ నోటును జిగురు పెట్టకుండా లోపల ఉంచారు.

'ఎంతుంటుంది మరిదీ దీని విలువ?' అడిగిందామె.

'రెండున్నర అమెరికా డాలర్లు వదినా' అని, కాసేపాగి, 'అన్నయ్య ఉంటే ఇంకో మాట చెప్పేవాడు' అన్నారాయన.