కొంగ నుంచి గిత్త దాకా!

తెల్లకొంగకూ ఒంగోలు గిత్తకూ పోలికేమిటని అడిగితే ఎవరైనా నవ్వేస్తారు. కెమెరా పట్టినవాళ్లు మాత్రం ‘తెలుపు’ అని ఠక్కున చెబుతారు. నల్లటి నీళ్లలో నిలబడ్డ కొంగను ఫొటో తీస్తే కెమెరా ఆ నలుపును చూసి వెలుగు చాల్లేదనుకుంటుంది. కావలసినదానికన్నా ఎక్కువ వెలుగును రానిస్తుంది. ఇంకేముంది... ఈకలన్నీ కలిసిపోయి కొంగ కాస్తా సున్నం కొట్టిన గోడలా తయారవుతుంది! ఎండలో మెరిసిపోయే గిత్తతోనూ అదే తంటా. కొంగలతో కుస్తీపట్టి వెలుగును ఓ మెట్టు తగ్గించడం నేర్చుకున్నవాళ్లు, బండలాగుడు పందెంలో గిత్త భుజం మీద బిగిసే కండను కూడా ఫొటోలో చూపించగలరు.

సరదాగా పిట్టల ఫొటోలు తీసేవాళ్లు ఆటల ఫొటోగ్రఫీని వృత్తిగా చేసుకోవాలనుకుంటే ఒంగోలు మంచి బడి. విజయవాడ - చెన్నై రైలు మార్గంలో ఉన్న ఈ ఊళ్లో దిగితే పొద్దున పక్షులు, పందాల రోజుల్లో ఎడ్లు, రాత్రికి కబడ్డీ... అన్నీ చుట్టుపక్కలే.

పొద్దున్నే పిట్టలతో...

ఒంగోలు నుంచి తూర్పుకు అరగంట ప్రయాణం చేస్తే కొత్తపట్నం తీరం. చలికాలంలో తెల్లవారకముందే అక్కడికి చేరుకుంటే సూర్యోదయంతోపాటు తడి ఇసుకలో మేత వెతుక్కునే పిట్టలూ కనిపిస్తాయి. తిరుగుదారిలో పొగాకు, మిరప చేల పక్కన కరెంటు తీగల మీద పాలపిట్టలూ, కాలువ గట్ల మీద లకుముకి పిట్టలూ ఉంటాయి. నల్లమలలో పుట్టి ఈ జిల్లాను చుట్టివచ్చి సముద్రంలో కలిసే గుండ్లకమ్మ ఒడ్డునైతే కొంగలకు కొదవుండదు. ఇంకా తనివి తీరకపోతే గుంటూరు దగ్గరి ఉప్పలపాడు వెళ్లాలి. ఊరి చెరువులోని చెట్ల మీద గూడబాతులు గూళ్లు కట్టుకునే పల్లె అది.

ఈ తిరుగుడు వల్ల ఒక పాఠం వంటబడుతుంది. పక్షి గాలికి ఎదురుగా పైకి లేస్తుంది. లేచేముందు ఒళ్లు ముందుకు వంచుతుంది, కాళ్ల మీద బరువు సర్దుకుంటుంది. అది ఎగిరాక మీట నొక్కితే దక్కేది ఖాళీ తీగే. కదలికను చూసి కాదు, కదలబోతోందని పసిగట్టి నొక్కాలి. ఆటల ఫొటోగ్రఫీకి మూలసూత్రం కూడా ఇదే!

బండ కదిలే క్షణం

సంక్రాంతి మొదలు శివరాత్రి, ఉగాది, శ్రీరామనవమి దాకా ఈ ప్రాంతంలో ఎక్కడో ఒకచోట బండలాగుడు పోటీ ఉంటుంది. పాలపళ్లు, రెండు పళ్లు, నాలుగు పళ్లు, ఆరు పళ్లు... ఇలా పళ్లను బట్టి ఎడ్లకు విభాగాలు. కాడికి కట్టిన జత, ఇచ్చిన సమయంలో బండను ఎన్ని అడుగులు లాగిందన్నదే లెక్క. బండ కదలడానికి ముందు గిత్తలు తలలు దించి, వెనక కాళ్లు నేలలో తన్నిపెడతాయి. పిట్ట ఒళ్లు వంచడం చూసిన కంటికి ఈ సైగ కొత్తేమీ కాదు.

ఒంగోలు గిత్త ఆటలకు కొత్తదీ కాదు. 2002లో హైదరాబాద్‌లో జరిగిన జాతీయ క్రీడల చిహ్నం ‘వీర’ ఒంగోలు గిత్తే. 19వ శతాబ్దంలోనే ఈ జాతి ఓడలెక్కి బ్రెజిల్ చేరింది. అప్పట్లో ఈ ప్రాంతం నెల్లూరు జిల్లాలో ఉండేది కాబట్టి అక్కడివాళ్లు ఇప్పటికీ దాన్ని ‘నెలోర్’ అనే పిలుస్తున్నారు.

ప్రకృతి నుంచి పందేల వైపు కెమెరా తిరగడం కూడా పాత కథే. అమెరికాలో ఎడ్వర్డ్ మైబ్రిడ్జ్ మొదట యోసెమిటీ లోయ అందాలను తీసి పేరు తెచ్చుకున్నాడు. పరిగెత్తే గుర్రం నాలుగు కాళ్లూ ఒకేసారి నేలను వదులుతాయా అన్న సందేహాన్ని తీర్చడానికి 1878లో కాలిఫోర్నియాలో 12 కెమెరాలను వరుసగా నిలబెట్టాడు. వదులుతాయని తేలింది. అదీ కాళ్లు బారజాపినప్పుడు కాదు, పొట్టకిందికి ముడుచుకున్నప్పుడు! అంతకుముందు చిత్రకారులు గీసిన గుర్రాలు చాలావరకు తప్పేనన్నమాట.

సరదా వేరు... కొలువు వేరు

పిట్ట దొరక్కపోతే మరో ఆదివారం వెళ్లొచ్చు. పందెం మళ్లీ జరగదు. పత్రిక ఆ రాత్రే అచ్చవుతుంది. ఫొటో ఎంత బాగున్నా ఎవరి జత, ఏ ఊరు, ఎన్ని అడుగులు అన్న వివరం లేకపోతే అది వార్తకు పనికిరాదు. పేరులో అక్షరం తప్పితే ఆ రైతు ఇంటిల్లిపాదీ చిన్నబుచ్చుకుంటారు. అందుకే వృత్తిలోకి వచ్చినవాళ్లకు కెమెరాతో సమానంగా జేబులో చిన్న నోటుపుస్తకమూ ముఖ్యమే.

రెండో పరీక్ష రాత్రి కబడ్డీ. కూతకు వెళ్లిన ఆటగాడికి ఉండేది 30 సెకన్లు. ఫ్లడ్‌లైట్ల వెలుగు అంతంతమాత్రం. ఉదయపు ఎండలో సెకనులో వెయ్యోవంతు వేగంతో పిట్టలను పట్టిన కెమెరా ఇక్కడ ఇబ్బంది పడుతుంది. వెలుగును ఎక్కువగా పట్టే పెద్ద లెన్సులు కావాలి. వాటి ధర వింటే గుండె ఝల్లుమంటుంది. కాబట్టి చేస్తున్న ఉద్యోగాన్ని ఒక్కసారిగా వదిలేయకుండా, లెన్సును అద్దెకు తెచ్చుకుని ఒక సీజన్ అంతా పల్లె పందేలు, బడి ఆటలపోటీలు తీసి చూడటం మేలు. అంతర్జాతీయ క్రికెట్ మ్యాచ్‌ల దగ్గర బౌండరీ పక్కన కూర్చోవాలంటే నిర్వాహకుల గుర్తింపు కార్డు కావాలి. అది సాధారణంగా పత్రికల తరఫునో, ఫొటో ఏజెన్సీల తరఫునో వెళ్లేవారికే దక్కుతుంది. అక్కడికి చేర్చే మెట్లు ఈ చిన్న మైదానాలే.

అందం ఒక్కటే చాలదు

అసలైన మార్పు మరొకటి ఉంది. గూటి దగ్గరికి వెళ్లకూడదు, పక్షిని బెదరగొట్టకూడదు... ఇవి పక్షుల ఫొటోగ్రాఫర్లు పాటించే నియమాలు. పందెంలోనూ గిత్త కళ్లలోకి ఫ్లాష్ కొట్టకూడదు, తాడు దాటి లోపలికి అడుగు పెట్టకూడదు. కానీ చర్నాకోల దెబ్బ కళ్లబడితే? ఎడ్ల పందేల్లో హింస మాటేమిటన్న వాదన 2014లో జల్లికట్టు కేసు తీర్పుతో దేశమంతా వినిపించింది. తమిళనాడు, కర్ణాటక, మహారాష్ట్ర చేసుకున్న చట్ట సవరణలను 2023లో సుప్రీంకోర్టు సమర్థించింది. వాదన మాత్రం ఆగలేదు. సరదాకు తీసేవాళ్లు నచ్చని ఫొటోను చెరిపేసుకోవచ్చు, అడిగేవారుండరు. వృత్తిగా తీసేవాళ్లకు ఆ వీలు లేదు. గెలిచిన జత మెడలో దండతోపాటు, దెబ్బ పడితే ఆ దెబ్బనూ చూపించాలి. పిట్టల దగ్గర నేర్చిన ఓపిక మంచి ఫొటో తెచ్చిపెడుతుంది. ఉన్నది ఉన్నట్టు చూపించే గుండె మాత్రం మైదానంలో నిలబడ్డాకే అలవడుతుంది.