మారేడ్‌పల్లి వరండాలో తుపాకి బేరం

సికింద్రాబాదు స్టేషన్లో దిగి ఆటో ఎక్కితే మారేడ్‌పల్లి ఎంతో దూరం కాదు. ఊరి పేరులో మారేడు ఉంది గాని, పశ్చిమ మారేడ్‌పల్లి వీధుల్లో నాకు కనబడేవి వేపచెట్లూ, ప్రహరీల మీద కాగితపు పూల తీగలూ, కొత్త మేడల నడుమ బిక్కుబిక్కుమంటూ మిగిలిన ఒకటి రెండు పెంకుటిళ్ళూను. తూర్పున మహేంద్రా హిల్స్ రాళ్ళగుట్టలు, దగ్గరలోనే కంటోన్మెంటు. పింఛను పుచ్చుకొనే మిలిటరీ పెద్దమనుషులకు ఇక్కడ కొదవ లేదు. మా మేనమామ వారిలో ఒకరు. ఎనభై దాటినా నడుము వంగలేదు.

ఆయన బీరువాలో పన్నెండు బోరు తుపాకి ఒకటుంది. ఎన్నికలు వచ్చినప్పుడల్లా అది పోలీసు స్టేషనుకు వెళ్ళి, అంతా ముగిశాక ఇల్లు చేరుతుంది. “మా ఇంట్లో పుట్టింటికి పోయి వచ్చేది అదొక్కటే” అంటుంది అత్తయ్య.

ఒక భాద్రపదం సాయంత్రం ఆ ఇంటి వరండాలో కాఫీ తాగుతూండగా మా బాబాయి కొడుకు దిగాడు. గజ్వేలు దగ్గర సేద్యం. మనిషి వాడిపోయి ఉన్నాడు. చెప్పులు విడుస్తూనే అసలు సంగతి అందుకున్నాడు.

“మామా, రెండెకరాల మక్క ఒక్క రాత్రిల పోయింది. కంకులు తిన్నది తక్కువ, తొక్కింది ఎక్కువ. ఇగ నాతోని కాదు. అడివి పందులకు ఏ తుపాకి కొనాల్నో జెర చెప్పుండ్రి.”

వాడి జేబులో ఒక కాగితం. ఎవరో రాసిచ్చారట, అమెరికాలో పంట పాడుచేసే జంతువులకు వాడే రైఫిళ్ళ పేర్లు: పాయింట్ 22 హార్నెట్, పాయింట్ 222 రెమింగ్టన్, పాయింట్ 220 స్విఫ్ట్. మామయ్య కళ్ళజోడు సవరించుకుని చదివి నవ్వారు.

“ఇవి మంచివే. కాని వాళ్ళ పీడ వేరు, మన పీడ వేరు. అక్కడి బయళ్ళలో బొరియ తవ్వే ఉడుత జాతి జంతువులను మూడు వందల గజాల నుంచి కొట్టడానికి పుట్టినవి ఇవి. గుండు చిన్నది, వేగం ఎక్కువ, తగలగానే చితికిపోతుంది. మన పందేమో నూరు కిలోల దాకా తూగుతుంది. పోతుకు భుజం మీది తోలు డాలులాగా ఉంటుంది. దానికి ఈ చిన్న గుండు తగిలితే చావదు, గాయంతో పొదలో దూరుతుంది. తెల్లారి కలుపుకు వచ్చిన ఆడకూతురి మీద పడుతుంది. నీకు కావలసింది అదేనా?”

తమ్ముడు తల అడ్డంగా ఊపాడు. “అయితే పెద్దదే చెప్పుండ్రి.”

ఇక్కడ మామయ్యగారు పాఠం మొదలుపెట్టారు. నాకూ అదే మొదటిసారి వినడం గనుక పాఠకులకు చెబుతాను. రైఫిలు గొట్టం లోపల మర ఉంటుంది. గుండును బొంగరంలా తిప్పి తిన్నగా పంపుతుంది. పాయింట్ 22 అంటే గొట్టం వ్యాసం అంగుళంలో నూటికి ఇరవై రెండు వంతులు. పాయింట్ 315 అంటే ఎనిమిది మిల్లీమీటర్లు. తుపాకికి లెక్క వేరు. ఒక పౌను సీసాన్ని పన్నెండు సమాన గుండ్లుగా పోస్తే, అందులో ఒకటి సరిగ్గా పట్టే గొట్టం పన్నెండు బోరు. అందుకే అంకె చిన్నదైతే గొట్టం పెద్దదన్నమాట!

మన దేశంలో బోరును వేటగాడి సరదా కన్న సర్కారు భయమే ఎక్కువగా నిర్ణయించింది. సైన్యపు తూటాలు జనం చేతిలో పడకూడదని 1907లో ఇంగ్లీషువారు పాయింట్ 450 రైఫిళ్ళను ఇక్కడికి రానివ్వలేదు. అందుకే పాయింట్ 470 వంటివి పుట్టుకొచ్చాయి. సైన్యం వాడిన 303కు బదులు మామూలు పౌరుడికి దక్కింది 315. బెంగాలులోని ఇషాపూరు ఫ్యాక్టరీలో తయారవుతూ వచ్చింది.

“మన బొల్లారంలోనే 1910లో పుట్టాడు కెన్నెత్ ఆండర్సన్. మనుషుల్ని తినే పులుల కథలు రాసినాయన. ఆయన చేతిలో 405 వించెస్టరు ఉండేది. ఆయన పుస్తకాలు చదివి నేనూ కుర్రతనంలో 315 ఎత్తుకు తిరిగాను” అని మామయ్య కాసేపు ఆగారు. అత్తయ్య లోపలికి వెళ్ళిపోయింది. ఆమెకు ఆ కథ తెలుసు కాబోలు.

“1968లో సెలవు మీద ఊరికి వచ్చాను. వెన్నెల రాత్రి. పల్లిచేను గట్టు మీద పంది నిలబడింది. కొట్టాను, తప్పింది. పొద్దున్నే అవతలి చేను కాపలావాడు వచ్చి చెయ్యి పట్టుకుని తీసుకుపోయాడు. ఫర్లాంగు అవతల వాడి మంచె. మంచె కొయ్యలో నా గుండు దిగి ఉంది. దానికి జానెడు దూరంలో వాడి కూతురి తలగడ. ఆ పిల్ల నన్ను చూసి నవ్వింది, ఏమీ తెలియక.”

వరండాలో ఎవరం మాట్లాడలేదు.

“ఆ యేడే రైఫిలు వదిలేశాను. 22 గుండు కూడా మైలు దాకా పోగలదు. 315 అయితే రెండు మూడు కిలోమీటర్లు. పన్నెండు బోరులో ఎల్.జి., ఎస్.జి. తూటాల గుళ్ళు కొన్ని వందల గజాలకే పడిపోతాయి. పందిని చంపే బలం నలభై గజాల్లోనే. అది లోపం అంటారు. పల్లెలో అదే గుణం. గుండు ఎంత దూరం పోతుంది, పంది వెనకాల ఏముంది, ఈ రెండూ తేల్చుకున్నాకే బోరు సంగతి. మంచె మీద నుంచి కిందికి కొడితే తప్పిన గుండును భూమి మింగుతుంది. గట్టు మీద నిలిచిన పందిని ఎవడూ కొట్టకూడదు. దాని వెనక ఊరు ఉంటుంది.”

చట్టమూ ఈ మాటే అంటుందట. 1959 ఆయుధాల చట్టంలో పంటకాపు కోసం పేరెత్తి చెప్పింది మూతిలోంచి మందు కూరే తుపాకినే, మనవాళ్ళు భర్మారు అనే దాన్ని. అది చాలకపోతే మర లేని వేరే తుపాకి ఇవ్వవచ్చు. లైసెన్సు వచ్చినా పందిని చంపే హక్కు రాదు. 1972 వన్యప్రాణుల చట్టం కింద విడిగా అనుమతి కావాలి. తెలంగాణలో 2021లో ఆ అనుమతిచ్చే పని సర్పంచుల దాకా తెచ్చారు. కాల్చేది మాత్రం జాబితాలో ఉన్న షూటర్లే.

“అంటే నేను కొనేదేం లేదా మామా?”

“ఉంది. ఆముదం విత్తనం కొను. మక్క చుట్టూ నాలుగు సాళ్ళు ఆముదం వెయ్యమని రాజేంద్రనగరు వ్యవసాయ విశ్వవిద్యాలయం వాళ్ళు చెబుతారు. పల్లికైతే కుసుమ, ఆ ముళ్ళకు పంది మూతి పెట్టదు. అప్పటికీ ఆగకపోతే దరఖాస్తు పెట్టు, చెయ్యి తిరిగినవాణ్ణి పిలిపించు.”

తమ్ముడు చాలాసేపు నేల చూశాడు. తరువాత నెమ్మదిగా అన్నాడు: “మామా, నేను మొన్న కరెంటు తీగ పెట్టిన. మోటారు లైను నుంచి. పక్కోళ్ళ ఎద్దు పడ్డది. పైసలు కట్టిన. తీగ ఇంకా తియ్యలే.”

మామయ్య లేచి నిలబడ్డారు. ఆయన గొంతు పెంచగా నేను వినడం అదొక్కసారే. “తుపాకి పట్టినవాడు కనీసం చూసి కొడతాడు. ఆ తీగకు కళ్ళు కూడా లేవురా! ఇప్పుడే ఫోను చెయ్యి. తీసెయ్యమని చెప్పాకే అన్నం.”

వాడు గేటు దగ్గరికి పోయి ఫోను చేశాడు. అత్తయ్య కంచాలు పెట్టింది.

మరుసటి తొలకరికి వాడి దగ్గర నుంచి కబురు వచ్చింది. ఆముదం మోకాలెత్తు లేచిందట. పందులు ఒకసారి వచ్చి ఒక మూల కొంత తొక్కి పోయాయట. పూర్తిగా మానలేదు. “అయినా రాత్రి నిద్ర పడుతున్నది, మామకు చెప్పు” అన్నాడు.

చెప్పాను. మామయ్య తల ఊపి, వేపచెట్టు కింద కుర్చీ నీడలోకి జరుపుకున్నారు.