కశ్మీరీ గేటు దగ్గరి రెసిడెన్సీ

గురుగ్రామ్‌లోని మిలీనియం సిటీ సెంటర్ స్టేషనులో పసుపు లైను మెట్రో ఎక్కినవారు మధ్యలో ఎక్కడా బండి మారనక్కర లేకుండా పాత ఢిల్లీలోని కశ్మీరీ గేటు చేరుకోవచ్చు. కుతుబ్ మీనార్ స్టేషను దాకా వంతెన మీద సాగిన రైలు సాకేత్ దగ్గర భూగర్భంలోకి దిగుతుంది; చాందినీ చౌక్ తరువాతి స్టేషనే కశ్మీరీ గేటు. కొలువుల కోసం గురుగ్రామ్ చేరిన తెలుగువారు ఊరి నుంచి వచ్చిన చుట్టాలకు ఎర్రకోట చూపించి తిరిగిపోవడమే మామూలు గాని, అక్కడికి దగ్గరలోనే, లోథియన్ రోడ్డులోని అంబేడ్కర్ విశ్వవిద్యాలయ ప్రాంగణంలో ఉన్న దారా షికోహ్ గ్రంథాలయ భవనం చూడకపోతే ఢిల్లీ చరిత్రలో ఒక అధ్యాయం విడిచిపెట్టినట్టే.

2023 మే నుంచి దేశవిభజన మ్యూజియంగా ఉన్న ఈ భవనం 19వ శతాబ్దపు తొలినాళ్లలో బ్రిటిష్ రెసిడెన్సీ, అనగా స్వదేశీ ప్రభువు దర్బారులో ఈస్టిండియా కంపెనీ తరఫున ఉండే రెసిడెంట్ అనే ప్రతినిధి నివాసమూ కచేరీయూ. జపాన్ రేవు పట్టణం హకొదతెలో 1913లో కట్టి, 1934లో మూసివేసి, నేడు మ్యూజియంగా చూపుతున్న బ్రిటిష్ కాన్సులేటుతో దీనిని పోల్చవచ్చు గాని, ఒక ముఖ్యమైన తేడా ఉంది. కాన్సుల్ తన దేశపు వర్తకుల మంచిచెడ్డలు చూసుకునే ఉద్యోగి కాగా, రెసిడెంట్ పేరుకు రాయబారి, పనికి ప్రభువు. 1803 సెప్టెంబరులో కంపెనీ సేనాని లేక్ సేనలు యమున ఆవలి ఒడ్డున మరాఠా ప్రభువు సింధియా సైన్యాన్ని ఓడించాక, చూపు కోల్పోయిన వృద్ధ మొఘలు చక్రవర్తి రెండవ షా ఆలం కంపెనీ ఇచ్చే భరణం మీద బతకవలసి వచ్చింది. ఆ భరణం లెక్కలు చూసేది రెసిడెంటే.

భవనం ముందు నిలబడితే కనిపించేది పూర్తిగా ఐరోపా ముఖం. ఎత్తైన వసారాను మోస్తున్న స్తంభాలు అయోనిక్ పద్ధతివి, అనగా తలభాగాన ఇరువైపులా చుట్టలు తిరిగిన గ్రీకు తరహావి. వెనక్కి నడిచి వెళితే మాత్రం ఎర్ర ఇసుకరాతి పీఠమూ, అంచులను రేకులుగా తీర్చిన మొఘలు కమానులూ బయటపడతాయి. హైదరాబాదు కోఠీలో అక్కడి రెసిడెంటు జేమ్స్ అకిలిస్ కిర్క్‌పాట్రిక్ నిజాం సొమ్ముతో కొత్తగా ఒక మహలే లేపగా, ఢిల్లీలో పాత మేడకే ముందు స్తంభాలు తగిలించి సరిపెట్టారు. శిల్పంగా కోఠీదే గొప్ప. అయితే అధికారం ఎలా చేతులు మారిందో దాచకుండా చెప్పేది ఢిల్లీ గోడే.

ఆ పాత మేడ షాజహాను పెద్దకొడుకు దారా షికోహ్ గ్రంథాలయమని ప్రసిద్ధి. యాభై ఉపనిషత్తులను 1657లో ‘సిర్ర్-ఎ-అక్బర్’ పేరిట పారసీకంలోకి తెచ్చిన ఆ రాకుమారుణ్ణి రెండేళ్లకే తమ్ముడు ఔరంగజేబు చంపించాడు. తరువాతి కాలంలో ఈ మేడలో ఉన్న, ఢిల్లీకి తొలి రెసిడెంటుగా వచ్చిన డేవిడ్ ఆక్టర్లోనీ అమెరికాలోని బోస్టన్‌లో పుట్టినవాడు. మొఘలు దుస్తులు ధరించి, హుక్కా పీలుస్తూ నాట్యం చూస్తున్నట్టు ఆయనను చిత్రించిన బొమ్మ ఒకటి నేటికీ ఉంది. (పదమూడు మంది భార్యలు ఏనుగులెక్కి ఆయన వెంట సాయంత్రం షికారుకు వెళ్లేవారన్న కథను జనశ్రుతిగానే తీసుకోవాలి.) 1840లలో ఢిల్లీ కాలేజీ ఈ భవనంలోకి మారగా, గణిత పండితుడు మాస్టర్ రామచంద్ర పాఠాలు చెప్పిన ఆ కళాశాల 1857 తిరుగుబాటులో లూటీ అయింది.

మ్యూజియంలో విభజన నాటి వలసలు, శరణార్థి శిబిరాలు, కొత్త బతుకులు వేరువేరు గదులలో కనిపిస్తాయి. కుటుంబాలు ఇచ్చిన పెట్టెలూ బట్టలూ పాత్రలూ అక్కడ ఉన్నాయి. రెసిడెన్సీ చరిత్రకు మాత్రం దక్కవలసినంత చోటు దక్కలేదు. భవనాన్ని చూసేందుకు వెళ్లినవారు వెనుక గోడ దగ్గర ఎక్కువ సేపు ఆగడం మేలు. గురుగ్రామ్ నుంచి వచ్చినవారికి ఈ ప్రదర్శన పరాయిది కాదు, ఎందుకంటే 1947లో నాటి గుర్గావ్ జిల్లా పాకిస్తానుకు తరలిపోవడానికి సిద్ధపడిన మేవ్ ముస్లిములనూ, పశ్చిమ పంజాబు నుంచి వచ్చిపడిన శరణార్థులనూ ఏకకాలంలో చూసింది. ఆ ఏడు డిసెంబరు 19న గాంధీజీ ఘసేరా గ్రామానికి వెళ్లి, ఊళ్లు విడిచిపోవద్దని మేవ్‌లను కోరారు. ఆ గ్రామం ఇప్పుడు నూహ్ జిల్లాలో, గురుగ్రామ్‌కు దక్షిణాన ఉంది; అక్కడికి మెట్రో లేదు, సోహ్నా మీదుగా రోడ్డు మార్గాన వెళ్లాలి.