ఆడబిడ్డ సంతకం

కోరుట్లలో పాత ఇల్లు బేరం కుదిరేసరికి బాపు దుబాయ్‌లో ఉన్నాడు. కాగితాల పని నామీద పడింది. సీఎస్‌ఈ కదా, అన్నీ ఆన్‌లైన్‌లో చూసేస్తానని ఇంట్లో నమ్మకం. ముప్పై ఏళ్ల ఈసీ తీశాం, క్లీన్. లోన్ ఇచ్చే బ్యాంకు లాయర్ ఎలాగూ చూస్తాడన్నారు. ఫీజు మనదే, కానీ ఆయన చూసేది బ్యాంకు కోసం. డాక్యుమెంట్ రైటర్ మనం చెప్పింది రాస్తాడు. మరి మన తరఫున ఎవరు? అందుకే జగిత్యాలలో విడిగా ఒక వకీలును పెట్టుకున్నాం.

ఆయన ఈసీ పక్కనపెట్టి ఒక్కటే అడిగారు: "అమ్మేటాయనకు అక్కచెల్లెండ్లు ఉన్నరా?"

ఇల్లు చనిపోయిన వాళ్ల నాన్న పేరు మీదే ఉంది, వీలునామా లేదు. 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారం కూతురికీ వాటా ఉంటుంది. ఈసీలో రిజిస్టరైన లావాదేవీలే కనిపిస్తాయి, తోబుట్టువులు కాదు. నా భాషలో చెప్పాలంటే ఆ టేబుల్‌లో ఆ కాలమే లేదు.

అక్క ఉంది, సిరిసిల్లలో. "పెండ్లికే అంతా పెట్టినం" అన్నాడు తమ్ముడు. వకీలు ఒప్పుకోలేదు. అమ్మా నేనూ వెళ్లాం. మరమగ్గాల చప్పుడుకి రెండుసార్లు చెప్పాల్సొచ్చింది.

"అమ్ముతున్నరా? నాకెవలు చెప్పలే" అన్నదామె.

అమ్మేవాళ్లలో ఆమె పేరూ రాయాలని, వాటా డబ్బు ఆమె పేరు మీదే చెక్కుగా ఇవ్వాలని వకీలు పట్టుబట్టారు. తమ్ముడు పది రోజులు ఫోన్ ఎత్తలేదు. తర్వాత ఒప్పుకున్నాడు. రేటు మాత్రం పైసా తగ్గించలేదు.

రిజిస్ట్రేషన్ రోజు ఆమె సిరిసిల్ల నుంచి ఒక్కతే బస్సులో వచ్చింది. సంతకం పెట్టేముందు, చెక్కు మీద పేరు సరిగ్గా ఉందా అని నాతో చదివించుకుంది.