కార్పెట్ క్రింది తీగ

కర్మాగారములో ఒక కేబుల్ వేయవలసి వచ్చినప్పుడు మనము ముందుగా దాని మార్గమును కాగితముపై గీసికొంటాము. విద్యుత్ సరఫరా కేబుళ్లకు ఒక ట్రే, కొలత పరికరాల సంకేతాలను మోసే సన్నని కేబుళ్లకు వేరొక ట్రే. గోడ దాటే చోట తగిన గ్లాండు, ప్రతి కొసకు ఒక నంబరు, పని ముగిసిన పిదప పరీక్ష, ఆ పరీక్షకు ఒకరి సంతకము. ఇంతటి క్రమశిక్షణకు అలవాటు పడిన మనము సాయంత్రము కారెక్కి ఇంటికి పోవునప్పుడు, కాళ్ల క్రింది కార్పెట్‌లో ఏ తీగ ఏ దారిన పోవుచున్నదో ఎరుగము. ఇంట గెలిచి రచ్చ గెలువుమన్నారు పెద్దలు. ఈ విషయములో మన వరుస తారుమారైనట్లున్నది.

రాజధాని ప్రాంతములో కారులో పాట వినుట విలాసము కాదు. నోయిడా నుండి ఢిల్లీ చేరువరకు వాహనాల వరుసలో గడపవలసిన సమయము మనకు తెలిసినదే. 1983 డిసెంబరులో నాటి గుర్గావ్ నుండి తొలి మారుతి 800 వెలువడినప్పుడు దానిని తయారుచేసినదియు మన వంటి ప్రభుత్వరంగ సంస్థయే. ఆ చిన్న కారు కొన్నవారు టేపురికార్డరును, స్పీకర్లను బజారులో బిగింపించుకొనుట వాడుక. కరోల్‌బాగ్ దుకాణాల ముందు సీట్లు విప్పిన కార్లు బారులు తీరి ఉండెడివి. 2014లో మారుతి 800 ఉత్పత్తి ఆగిపోయినది. ఇప్పుడు చాలా కార్లకు స్టీరియో ఫ్యాక్టరీ నుండియే వచ్చుచున్నది. అయినను అదనముగా ఆంప్లిఫయరు, పెద్ద స్పీకరు బిగించు ముచ్చట పోలేదు. ఆంప్లిఫయరు డిక్కీలో ఉండును, బ్యాటరీ బానెట్ క్రింద ఉండును. ఆ రెంటి నడుమ గల ఐదు మీటర్ల దారిని గూర్చియే ఈ నాలుగు మాటలు.

కొన్నేండ్ల క్రితము మేము ఒక సి.ఎన్.జి. కారును సెకండ్ హ్యాండులో తీసికొన్నాము. పాత యజమాని ఏదో దుకాణములో ఆంప్లిఫయరు బిగింపించియున్నాడు. ఇంటికి తెచ్చిన మొదటి రోజుననే ఒక లోపము వినవచ్చినది. యాక్సిలరేటరు నొక్కినకొలది పాట వెనుక ఒక సన్నని ఈల హెచ్చుచుండెను. ఇది ఆల్టర్నేటరు ఈల. ఆల్టర్నేటరు పుట్టించు మూడు ఫేజుల విద్యుత్తును డయోడ్లు ఏకముఖము చేసినను కొంత అల మిగులును. ఇంజను వేగముతోపాటు ఆ అల స్థాయి పెరుగును. ఎర్త్ సరిగా లేనిచో అది పాటలో కలియును.

ఆ ఆదివారము మేము బ్యాటరీ నెగటివ్ తీగను ఊడదీసి, తలుపు గడపల మీది ప్లాస్టిక్ పట్టీలను ఎత్తి చూచాము. కనబడినది ఈలకంటె ఎన్నో రెట్లు పెద్ద విషయము. బ్యాటరీ నుండి వచ్చు ఎర్ర తీగకు ఫ్యూజు లేదు. ఇంజను గదిని వేరుచేయు రేకు గోడకు రంధ్రము చేసి, రబ్బరు గ్రోమెట్ లేకుండగనే దానిని లోనికి లాగినారు. లోపల అది వెనుక సీటు వద్ద కార్పెట్ క్రిందుగా, పాట తీగను పెనవేసికొని డిక్కీకి చేరినది. ఎర్త్ తీగను సీటుబెల్టు బోల్టుకు, రంగుపైననే బిగించినారు. ఆ వెనుక సీటులో మా అమ్మగారు కూర్చుందురు. వారి వెనుక డిక్కీలో, నిండుగా నింపినప్పుడు 200 బార్ పీడనము గల సిలిండరు.

పన్నెండు వోల్టులే గదా యని కొందరు తేలికగా తీసికొందురు. పన్నెండు వోల్టులు మనిషికి షాకు కొట్టవు, నిజమే. కాని తీగ ఒరసికొని రేకును తాకినచో ఆ చిన్న బ్యాటరీయే కొన్ని వందల ఆంపియర్లు ఇవ్వగలదు. తీగ ఎర్రబడి, పైతొడుగు అంటుకొనుటకు క్షణాలు చాలును. కనుకనే బ్యాటరీకి సుమారు 45 సెంటీమీటర్లలోపు ఫ్యూజు ఉండవలెనన్న నియమము. ఆ ఫ్యూజు కాపాడునది ఆంప్లిఫయరును కాదు, తీగను.

లావు విషయములోను లెక్క అవసరము. ఆంప్లిఫయరు 25 ఆంపియర్లు తీసికొనునని అనుకొందాము. 4 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ ఐదు మీటర్ల పొడవున సుమారు అర వోల్టు నష్టమగును, 13 వాట్లు వేడిగా కార్పెట్ క్రింద మిగులును. 10 చదరపు మిల్లీమీటర్ల తీగ వేసినచో నష్టము 0.2 వోల్టులకు, వేడి 5 వాట్లకు తగ్గును. మే నెల ఎండలో నిలిపిన కారులో ఈ భేదము చిన్నది కాదు.

మేము పనిని మొదటి నుండి చేశాము. లావైన తీగకు 30 ఆంపియర్ల ఫ్యూజు పెట్టి, గ్రోమెట్ గుండా తెచ్చి, సీటు పట్టాలకు, గ్యాసు గొట్టానికి దూరముగా ఎడమ గడప వెంట నడిపాము. పాట తీగను కుడి గడప వెంట వేశాము. రెండును ఎదురుపడక తప్పని చోట లంబముగా దాటించాము. ఎర్త్‌కు వేరే బోల్టు చూచి, రంగు గీకి, మెరిసే రేకుకు పొట్టి తీగతో బిగించాము. సీటుబెల్టు బోల్టును దాని పనికి దానిని వదిలాము. ఉదయము మొదలైన పని దీపాల వేళకు ముగిసినది. ఈల పోయినది.

మా శ్రీమతి టీ తెచ్చి, “ఏమండీ, మళ్లీ కార్పెట్ కప్పేస్తే ఎవరికీ కనబడని పనికి ఇంత శ్రమ ఎందుకు?” అని అడిగినది. కనబడదు గనుకనే అన్నాము. కనబడు తప్పును ఎవరో ఒకరు పట్టుకొందురు. కార్పెట్ క్రిందిదానిని వేసినవాడు తప్ప మరియొకడు చూడడు. అచ్చట పరీక్షాధికారి లేడు, సంతకము లేదు.

దుకాణములోని కుర్రవానిని తప్పుపట్టుట మా ఉద్దేశము కాదు. గంటలో కారు కావలెనని తొందరపెట్టునది మనమే. ఇప్పటి కొత్త కార్లలో ముందు సీట్లకు ఎయిర్‌బ్యాగులు తప్పనిసరి. వాని తీగలకు సాధారణముగా పసుపు గుర్తు ఉండును. వానిని తాకరాదని ఆ కుర్రవానికి చెప్పవలసినదియు మనమే. ఈ సెలవులలో మిత్రులు తమ కారు బానెట్ ఎత్తి, బ్యాటరీ నుండి బయలుదేరు అదనపు తీగకు ఫ్యూజు ఉన్నదో లేదో ఒక్కసారి చూచుకొనవలసినదిగా మనవి. ఐదు నిమిషాల పని.