ఇంటిపేరు గడి

లెడ్జరులో ఖాళీ గడి వదిలితే మా పాత హెడ్ క్లర్కు గారు ఊరుకునేవారు కాదు. ఏమీ లేకపోతే 'నిల్' అని రాయాలి. అలా రాస్తే ఎవరో చూసి, లేదని తేల్చారని అర్థం. వదిలేస్తే చూడలేదో, తెలియలేదో, రాసేవాడు కాఫీకి లేచి వెళ్లాడో ఎవరికెరుక? బి.కాం. చదివిన నాకు ఇది తెలియని సంగతి కాదు. అయినా 2013లో తిరుత్తణి బ్రాంచిలో ఉండగా అక్కడే బోల్తాపడ్డాను.

కాపురం తిరువళ్లూరులో. రోజూ అరక్కోణం మీదుగా రైల్లో వెళ్లి వచ్చేవాణ్ణి. అంతకు ముందు ఏడు రిజర్వు బ్యాంకు, ప్రతి ఖాతాదారుకూ ఒకే గుర్తింపు సంఖ్య ఉండాలని బ్యాంకులన్నిటికీ చెప్పింది. ఒకే మనిషికి రెండు మూడు నంబర్లుంటే కలిపేయాలి. మంచి పనే. పై ఆఫీసు నుంచి 'వీళ్లిద్దరూ ఒకరే' అంటూ జంటల జాబితా వచ్చింది. నేను సరేనంటే కలిసిపోతాయి.

అందులో ఇద్దరు ఆడవాళ్లు. పేరు ఒకటే. ఆ పేరు ఇక్కడ రాయను గానీ, మా కొండమీది స్వామి పెళ్లాడిన వేటగాళ్ల పిల్ల పేరు. తిరుత్తణిలో అలా పిలిస్తే వీధికి నలుగురు పలుకుతారు. పుట్టిన తేదీ ఇద్దరికీ 1-1-1950. ఇదీ వింత కాదు. తేదీ తెలియని వాళ్లందరినీ మావాళ్లు జనవరి ఒకటినే పుట్టించారు. కొండకు రోజుకొకటి చొప్పున 365 మెట్లంటారు. మా కంప్యూటరు లెక్కన ఊళ్లో పెద్దలంతా మొదటి మెట్టు మీదే పుట్టారు! ఇక పాన్, ఫోను, ఇంటిపేరు గడులు ఇటూ ఖాళీ, అటూ ఖాళీ. అయిదుకు అయిదూ సరిపోయాయని జాబితా చెప్పింది. సరేనన్నాను.

తర్వాతి వారం ఒకావిడ పాస్‌బుక్కు పట్టుకొచ్చింది. భర్త పోయాక వస్తున్న పింఛను డబ్బు బయటికి రావడం లేదు. "నాయనా, నా దుడ్డు నాకియ్యమంటే నగల అప్పు కట్టమంటాడే ఆ పిల్లోడు! మెళ్లో పసుపుతాడే లేనిదాన్ని, ఏ నగలు పెట్టుంటాను?" అంది. గడువు మీరిన నగల అప్పు రెండో ఆవిడది.

కలపడానికి ఒక్క మీట చాలింది. విడదీయడానికి పదిహేడు రోజులు పట్టింది. అన్నాళ్లూ ఆమె మందులు అరువు తెచ్చుకుంది. నా జేబులోంచి ఇస్తానంటే, "నాదే ఉంది గదా సామీ, అది ఇయ్యి" అంది.

కంప్యూటరు విభాగం కుర్రాణ్ణి అడిగితే తప్పెక్కడుందో విడమరిచి చెప్పాడు. డేటాబేసులో ఖాళీ గడిని 'నల్' అంటారట. అంటే సున్నా కాదు, లేదనీ కాదు. తెలియదని. పాన్ లాంటి గడికి, ఒకరిది మరొకరికి రాకూడదని 'యూనిక్' అనే కట్టడి పెట్టవచ్చు. అయినా పాన్ లేనివాళ్లు వెయ్యిమంది చేరవచ్చు. తెలియనిదీ తెలియనిదీ ఒకటేనా అని అడిగితే, దాని జవాబు కూడా 'తెలియదు' అనే. ఒకటేనని తేలలేదు కాబట్టి అడ్డుకోదు. ఒరాకిల్, మైఎస్‌క్యూఎల్ ఈ దారే. మైక్రోసాఫ్ట్ వారి ఎస్‌క్యూఎల్ సర్వర్ మాత్రం ఒక్క ఖాళీని రానిచ్చి, రెండోదాన్ని నకలంటుంది. 2022లో వచ్చిన పోస్ట్‌గ్రెస్ 15వ వెర్షన్ అయితే ఏ దారో మననే తేల్చుకోమంటోంది.

ఆ ఉదారానికీ ఖరీదుంది. ఒకే మనిషి పాన్ ఇవ్వకుండా రెండుసార్లు చేరినా అది పట్టుకోదు. అలాంటివి ఏరడానికే గదా ఆ జాబితా! కానీ దాన్ని తయారుచేసినవాళ్లు పోల్చేముందు నల్‌లన్నిటినీ అక్షరాల్లేని ఉత్త మాటగా మార్చేశారట. దానితో 'తెలియదు' కాస్తా 'ఒకటే' అయి కూర్చుంది. నేనైనా కళ్లు పెట్టి చూడాల్సింది.

నన్ను ఎక్కువ కలవరపెట్టింది పాన్ గడి కాదు, ఇంటిపేరు గడి. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి తాలూకా చిత్తూరు జిల్లా నుంచి మదరాసు రాష్ట్రంలోకి వచ్చింది. ఇక్కడి వాడుకలో పేరు ముందు తండ్రి పేరులోని మొదటి అక్షరం చాలు. ఇంటిపేరు ఎవరూ అడగరు. ఈ ఊళ్లోనే పుట్టిన రాధాకృష్ణన్ గారు 'సర్వేపల్లి'ని రాష్ట్రపతి భవనం దాకా తీసుకెళ్లారు. మావాళ్ల ఇంటిపేర్లు మా కౌంటరు కూడా దాటి రాలేదు.

ఆమెను తెలుగులో అడిగాను. పుట్టింటిదీ అత్తింటిదీ రెండూ టక్కున చెప్పి, "అడిగితే గదా చెప్పేది" అంది. రెండో ఆవిడ తమిళురాలు, వాళ్లకు ఇంటిపేరన్నదే లేదు. ఒకరికి అడగక ఖాళీ, ఒకరికి లేక ఖాళీ. రెంటినీ ఒకే గడిలో ఒకేలా వదిలేశాం.

ఆమె ఇంటిపేరు ఎక్కించబోతే రుజువు పత్రం కావాలంది యంత్రం. రేషన్ కార్డులో లేదు. నాలుగు రోజులకు ఆమె ఒక గుడ్డసంచిలోంచి వాళ్ల నాయన నాటి తెలుగు దస్తావేజు తీసింది, చిత్తూరు జిల్లా అని ఉంది. అది మా నిబంధనలకు చెల్లదు. జిరాక్సు తీయించి ఆమె ఫైలులో పెట్టాను. ఆ సాయంత్రం రైలెక్కే ముందు నా సొంత ఖాతా కూడా తెరిచి చూశాను. నా ఇంటిపేరు గడీ ఖాళీగానే ఉంది.