లాసోకి తెలుగు

ఒక కౌబాయ్ కథ అనువదిస్తూ 'లాసో' దగ్గర ఆగిపోయాను. పాశం అందామంటే యముడు ఎదురొస్తాడు. ఉచ్చు అంటే పిట్టలు గుర్తొస్తాయి. పలుపు అంటే మా తాతయ్య.

లాసో స్పానిష్ మాట. దాని మూలమైన లాటిన్ మాటకి అర్థం ఉచ్చే. అమెరికన్ కౌబాయ్‌లు మెక్సికో వకేరోల దగ్గర పనితోపాటు మాటలూ నేర్చుకున్నారు. వాళ్ళ 'లా రియాటా' వీళ్ళ నోట్లో లారియట్ అయింది. తాడు కొసన ఉండే చిన్న కన్ను పేరు హోండా. అందులోంచి తాడు జారితేనే ఉచ్చు బిగుస్తుంది. ఒడుపంతా విసరడంలోనే లేదు. ఉచ్చు పడ్డాక తాడుని జీను ముందుండే కొమ్ముకి చుట్టాలి. ఆ చుట్టలో వేలు ఇరుక్కుంటే తెగిపోవచ్చు కూడా.

అది చేతికి చిక్కని పశువు కోసం పేనిన తాడు. పలుపు అలా కాదు, సాయంత్రానికి తనే ఇల్లు చేరే ఆవుది. ఆవుని అమ్మినరోజు తాతయ్య పలుపు మాత్రం ఇవ్వలేదు. కొన్నాయన తన తాడు తెచ్చుకున్నాడు. మా పలుపు చాన్నాళ్ళు కొట్టంలో గుంజకే వేలాడింది.

చివరికి లాసోని లాసోగానే ఉంచేశాను. ఆ కథలో ఏ పశువూ తనంతట తను ఇంటికి రాదు.